అడ్రినల్ కణితుల్లో జన్యువుల పాత్ర: ఒకరికి జన్యు పరీక్ష ఎందుకు, మరొకరికి ఎందుకు అక్కర్లేదు?

మీరు ఒకే కుటుంబంలోని ఇద్దరి గురించి అడిగారు. మీ తమ్ముడికి 38వ ఏట ఎడమ అడ్రినల్ గ్రంథిలోని ఫియోక్రోమోసైటోమా అనే కణితిని శస్త్రచికిత్స చేసి తీసేశారు. తరువాత జరిపిన రక్తపరీక్షలో ఎస్‌డీహెచ్‌బీ అనే జన్యువులో ఉత్పరివర్తన (మ్యుటేషన్) ఉన్నట్టు తేలింది. ఇప్పుడు మిమ్మల్నీ, అతని పిల్లల్నీ కూడా ఆ పరీక్ష చేయించుకోమంటున్నారు. మీ మేనత్తగారికి కొన్నేళ్ల కిందట అదే గ్రంథిలో గడ్డ, అధిక రక్తపోటు, రక్తంలో పొటాషియం తగ్గుదల కనిపించి ఆపరేషన్ జరిగింది గానీ, ఆవిడ విషయంలో జన్యు పరీక్ష ప్రస్తావనే రాలేదు. ఎస్‌డీహెచ్‌బీ కణానికి శక్తిని సమకూర్చే ఎంజైముకు సంబంధించిన జన్యువని చదివారు కాబట్టి, అది చెడితే శక్తి తగ్గాలి గానీ కణితి ఎందుకు పుట్టాలి, రక్తపోటు ఎందుకు పెరగాలి అన్నది మీ సందేహం. అంతస్స్రావ గ్రంథుల వైద్యంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ సందేహానికి కొంత వివరంగానే జవాబు రాస్తాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. అడ్రినల్ గ్రంథిలో పుట్టే నిరపాయకరమైన కణితుల్లో చాలావాటిలో జన్యు మార్పు కణానికి కొత్త పనేమీ నేర్పదు. ఆ కణం పుట్టినప్పటి నుంచీ ఏ ఆజ్ఞకు లోబడి పనిచేస్తూ వచ్చిందో, ఆ ఆజ్ఞ ఇప్పుడు రాకపోయినా వచ్చినట్టే భ్రమింపజేస్తుంది. అందువల్ల కణితిని అర్థం చేసుకోవాలంటే మొదట అడగవలసిన ప్రశ్న ఏ జన్యువు చెడిందన్నది కాదు, అది ఏ కణం, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది ఎవరి మాట వినేది అన్నది. అడ్రినల్ అని ఒకే పేరుతో పిలుస్తున్నా అందులో వేర్వేరు గ్రంథులు కలిసి ఉన్నట్టే లెక్క. బయటి భాగమైన వల్కలంలో పై పొర ఆల్డోస్టిరోన్‌ను, మధ్య పొర కార్టిసాల్‌ను, లోపలి పొర పురుష హార్మోన్ల తరహా స్టీరాయిడ్లను తయారుచేస్తాయి. వాటి నడుమ ఉండే దవ్వ (మెడుల్లా) నాడీ కణజాలం నుంచి వచ్చినది, అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లను విడుదల చేస్తుంది. మీ మేనత్తగారి కణితి వల్కలంలో పుట్టింది, మీ తమ్ముడిది దవ్వలో పుట్టింది. ఒకే గ్రంథిలో ఉన్నాయన్నది తప్ప ఈ రెండింటికీ బంధుత్వం లేదు.

మేనత్తగారి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే జన్యు మార్పు ఆజ్ఞను ఎలా అనుకరిస్తుందో అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ 1955లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ వర్ణించిన వ్యాధికి, అంటే ఆల్డోస్టిరోన్ అతిగా తయారయ్యే స్థితికి సరిపోతున్నాయి. ఆల్డోస్టిరోన్ తయారుచేసే కణం పొరలో పొటాషియం బయటకు పోయే మార్గాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఆ ప్రవాహం వల్ల కణం లోపలి వైపు రుణవిద్యుదావేశం నిలిచి ఉంటుంది, ఆ స్థితిలో కణం విశ్రాంతిగా ఉంటుంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు పుట్టే యాంజియోటెన్సిన్ 2 వచ్చి తాకినా, రక్తంలో పొటాషియం పెరిగినా ఆ విద్యుదావేశం తగ్గుతుంది. అప్పుడు పొరలోని కాల్షియం మార్గాలు తెరుచుకుంటాయి, లోపలికి వచ్చిన కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్ ద్వారా కైనేజులు అనే ఎంజైములను మేల్కొలుపుతుంది, చివరకు ఆల్డోస్టిరోన్‌ను తయారుచేసే ఎంజైమును ఉత్పత్తి చేసే సీవైపీ11బీ2 జన్యువు చురుకవుతుంది. మామూలుగా అవసరం తీరగానే ఇదంతా ఆగిపోతుంది.

2011లో అమెరికా జన్యు పరిశోధకుడు రిచర్డ్ లిఫ్టన్ బృందం ఆల్డోస్టిరోన్ తయారుచేసే కణితుల్లో 22 నమూనాలను పరిశీలించి, వాటిలో 8 కణితుల్లో కేసీఎన్‌జే5 అనే పొటాషియం మార్గపు జన్యువులో ఉత్పరివర్తనలు ఉన్నట్టు కనుగొంది. ఆ మార్గంలో పొటాషియాన్ని మాత్రమే గుర్తుపట్టి వదిలే ఇరుకైన భాగం ఒకటి ఉంటుంది. సరిగ్గా ఆ భాగంలోనో, దాని పక్కనో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో మార్గం విచక్షణ కోల్పోయి సోడియాన్ని కూడా లోపలికి రానిస్తుంది. సోడియం వస్తే విద్యుదావేశం తగ్గుతుంది, కాల్షియం వస్తుంది, ఆల్డోస్టిరోన్ తయారవుతుంది. యాంజియోటెన్సిన్ లేకపోయినా, పొటాషియం పడిపోయి కణం నిజానికి మౌనంగా ఉండవలసిన వేళ కూడా ఇదే జరుగుతుంది. తరువాత 2013లో సోడియం-పొటాషియం పంపుకు చెందిన ఏటీపీ1ఏ1, కాల్షియాన్ని బయటకు తోడే ఏటీపీ2బీ3, కాల్షియం మార్గమైన సీఏసీఎన్‌ఏ1డీ జన్యువుల్లో కూడా మార్పులు బయటపడ్డాయి. ఎటునుంచి వచ్చినా అన్నీ కాల్షియం దగ్గరే కలుస్తాయి. ఒక వ్యాధికి ఇంతమంది నిందితులుండి, అందరి నేరమూ ఒకటే కావడం వైద్యశాస్త్రంలో అరుదు. ఈ విషయం మొదట చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇదే జన్యువులో పుట్టుకతో వచ్చే మార్పుల పరిశీలన మరొక సంగతి నేర్పింది. కేసీఎన్‌జే5లో 151వ స్థానంలోని గ్లైసిన్ ఆర్జినిన్‌గా మారిన కుటుంబాల్లో పసితనం నుంచే తీవ్రమైన రక్తపోటు వచ్చి, రెండు గ్రంథులూ విపరీతంగా పెరుగుతాయి. అదే స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం చేరిన కుటుంబాల్లో సోడియం ఇంకా ఎక్కువగా లోపలికి దూసుకొస్తుంది గానీ, ఆ వరదకు తట్టుకోలేక కణాలే చనిపోతాయి. కాబట్టి గ్రంథి పెరగదు, వ్యాధి కూడా మందులకు లొంగేంత తేలికగా ఉంటుంది. సంకేతం ఎంత బలంగా ఉంటే కణితి అంత పెద్దదవుతుందని అనుకోకూడదు. కణం బతికి ఉండగలిగినంత మేరకే సంకేతం దానికి లాభం.

ఇక మీ మేనత్తగారికి జన్యు పరీక్ష ఎందుకు అడగలేదంటే, ఇలాంటి ఒంటరి కణితుల్లో మార్పు దాదాపు ఎప్పుడూ ఆ కణితి మొలకెత్తిన ఒక్క కణంలోనే, జీవితకాలంలో ఎప్పుడో జరుగుతుంది. అది రక్తంలో కనిపించదు, పిల్లలకు వెళ్లదు. కణితిని తీసేస్తే ఆ మార్పు కూడా దానితోనే పోతుంది. వంశపారంపర్య రూపాలు లేకపోలేదు. 1992లో ఇదే లిఫ్టన్ బృందం, కార్టిసాల్ తయారీకి కావలసిన సీవైపీ11బీ1 జన్యువు ముందు భాగం, ఆల్డోస్టిరోన్ జన్యువైన సీవైపీ11బీ2 వెనుక భాగంతో అతుక్కుపోయిన కుటుంబాలను గుర్తించింది. అక్కడ ఆల్డోస్టిరోన్ తయారీ మొత్తం, కార్టిసాల్‌కు ఆజ్ఞ ఇచ్చే ఏసీటీహెచ్ హార్మోన్ చేతిలోకి వెళుతుంది కాబట్టి, ఆ హార్మోన్‌ను అణిచే డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ కొద్దిపాటి మోతాదుతో రక్తపోటు తగ్గుతుంది. ఇరవై ఏళ్ల లోపు వ్యాధి మొదలైనవారిలో, లేదా కుటుంబంలో ఇదే వ్యాధి గానీ, నలభై ఏళ్ల లోపు పక్షవాతం గానీ వచ్చిన చరిత్ర ఉన్నవారిలో మాత్రమే ఈ పరీక్ష అవసరమవుతుంది. మీరు రాసినదాని ప్రకారం మేనత్తగారు ఆ కోవలోకి రారు.

కార్టిసాల్ కణితుల గురించి మీరు అడగలేదు గనుక క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. ఆ కణానికి ఆజ్ఞ పిట్యూటరీ నుంచి వచ్చే ఏసీటీహెచ్. అది గ్రాహకానికి తగిలితే కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, సైక్లిక్ ఏఎంపీ వచ్చి ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమును దాని నియంత్రకపు పట్టు నుంచి విడిపిస్తుంది. 2014లో అనేక బృందాలు విడివిడిగా ఒకే ఉత్పరివర్తనను కనుగొన్నాయి. పీఆర్‌కేఏసీఏ జన్యువులో 206వ స్థానంలోని ల్యూసిన్ ఆర్జినిన్‌గా మారితే ఎంజైము మీద నియంత్రకం పట్టు నిలవదు, అది ఎప్పుడూ విడిపోయే ఉంటుంది. స్పష్టమైన కుషింగ్ లక్షణాలు (కార్టిసాల్ అతిగా ఉండటం వల్ల వచ్చేవి) కలిగించే కణితుల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఈ ఒక్క మార్పే కారణం. పట్టుకునే నియంత్రకమే లోపించిన కుటుంబాల్లో, అంటే పీఆర్‌కేఏఆర్1ఏ చెడినవారిలో, కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య వ్యాధి వస్తుంది.

ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరకు వద్దాం. ఎస్‌డీహెచ్‌బీ, సక్సినేట్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైములోని ఒక భాగానికి సంకేతం. ఆ ఎంజైము మైటోకాండ్రియాలో సక్సినేట్‌ను ఫ్యూమరేట్‌గా మారుస్తుంది, ఆ క్రమంలో వచ్చే ఎలక్ట్రాన్లను శ్వాసక్రియకు అందిస్తుంది. మీ తమ్ముడికి పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉంది. రెండో ప్రతి బాగున్నంత కాలం ఏ కణానికీ ఇబ్బంది లేదు. దవ్వలోని ఒకానొక కణంలో ఆ రెండో ప్రతి కూడా పోయినప్పుడు ఎంజైము పూర్తిగా ఆగిపోయింది. శక్తి తగ్గడం మీరన్నట్టు నిజమే, కానీ కణితికి మూలం ఆ లోటు కాదు. మారకుండా పేరుకుపోయిన సక్సినేట్ అసలు దోషి.

ఎందుకో చూడాలంటే కణం ఆక్సిజన్‌ను ఎలా గమనిస్తుందో తెలియాలి. విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019 నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన విషయం ఇదే. కణంలో హిఫ్ అనే ప్రోటీన్ నిరంతరం తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము ఆక్సిజన్‌ను, ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌ను వాడుకుని హిఫ్ మీద ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తును వీహెచ్‌ఎల్ ప్రోటీన్ పట్టుకుని హిఫ్‌ను ధ్వంసానికి పంపుతుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోయి కేంద్రకంలోకి వెళ్లి కొత్త రక్తనాళాలను పెంచే, చక్కెరను వేగంగా వాడుకునే, కణాన్ని బతికించే జన్యువులను చురుకు చేస్తుంది. గుర్తు వేసే ఆ చర్యలో ఆల్ఫా-కీటోగ్లూటరేట్ చివరకు సక్సినేట్‌గా మారుతుంది. కణం నిండా సక్సినేట్ ముందే పేరుకుని ఉంటే చర్య ముందుకు సాగదు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా హిఫ్ మీద గుర్తు పడదు. కణం ఊపిరాడని స్థితిలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

దవ్వ కణాలకూ, అదే నాడీ మూలం నుంచి వచ్చి అడ్రినల్ బయట ఉండే పారాగాంగ్లియా కణాలకూ ఆక్సిజన్ కొరత అన్నది ఊరికే ఎదురయ్యే కష్టం కాదు, దానికి స్పందించడం వాటి పనుల్లో ఒకటి. మెడలోని కెరోటిడ్ బాడీ రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టి నాడులను హెచ్చరిస్తుంది. పెరూ దేశపు ఎత్తైన కొండప్రాంతాల్లో తరతరాలుగా ఉండేవారిలో ఈ కెరోటిడ్ బాడీ పెరగడం, అక్కడ కణితులు ఎక్కువగా రావడం వైద్యులు చాలాకాలం కిందటే గమనించారు. పుట్టుకతో గుండె లోపం వల్ల ఒళ్లు నీలంగా మారి, ఏళ్ల తరబడి ఆక్సిజన్ తక్కువగా ఉన్న రోగులకు ఫియోక్రోమోసైటోమా, పారాగాంగ్లియోమా (పారాగాంగ్లియాలో పుట్టే కణితి) ఎక్కువగా వస్తాయని, వారి కణితుల్లో హిఫ్‌లో ఒక రకమైన హిఫ్-2 ఆల్ఫా జన్యువే మారి ఉంటుందని 2018లో నివేదికలు వచ్చాయి. నిజమైన ఆక్సిజన్ కొరత, సక్సినేట్ తెచ్చిన దొంగ కొరత, గుర్తును పట్టుకోలేని వీహెచ్‌ఎల్, తనంతట తానే మారిపోయిన హిఫ్-2 ఆల్ఫా, ఇవన్నీ ఒకే రకమైన కణాల్లో ఒకే రకమైన కణితికి దారితీయడమే ఈ వాదానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యమని నేను భావిస్తాను.

సక్సినేట్ చేసే హాని ఇంతటితో ఆగదు. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను తొలగించే టెట్ ఎంజైములు కూడా ఆల్ఫా-కీటోగ్లూటరేట్ మీద ఆధారపడినవే కాబట్టి అవీ మందగిస్తాయి, అనేక జన్యువులు మిథైల్ గుర్తుల కింద మూతపడిపోతాయి. అలా మూతపడేవాటిలో నార్‌అడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైము జన్యువు కూడా ఉంటుంది. మీ తమ్ముడి ఆపరేషన్‌కు ముందటి నివేదికలో నార్‌అడ్రినలిన్ నుంచి వచ్చే నార్‌మెటానెఫ్రిన్ బాగా పెరిగి, అడ్రినలిన్ నుంచి వచ్చే మెటానెఫ్రిన్ మామూలుగా ఉందేమో చూడండి. ఉంటే కారణం ఇదే. నార్‌అడ్రినలిన్ రక్తనాళాలను బిగించడం వల్లే రక్తపోటు పెరుగుతుంది. రెట్ జన్యువు చెడిన కుటుంబాల్లో, న్యూరోఫైబ్రోమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారిలో పరిస్థితి వేరు. అక్కడ చెడేది ఆక్సిజన్ సంకేతం కాదు, పెరుగుదల ఆజ్ఞలను మోసే రాస్, పీఐ3 కైనేజ్ మార్గాలు. ఆ కణితులు పరిణతి చెందిన దవ్వ కణాల్లాగే ఉండి అడ్రినలిన్‌ను కూడా తయారుచేస్తాయి, గుండెదడ ఎపిసోడ్లుగా వస్తుంది. అంటే మామూలు రక్తపరీక్ష ఫలితమే ఏ సంకేత మార్గం చెడిందో జన్యు పరీక్షకు ముందే సూచనప్రాయంగా చెబుతుంది.

ఫియోక్రోమోసైటోమా, పారాగాంగ్లియోమా రోగుల్లో 30 నుంచి 40 శాతం మందికి పుట్టుకతో వచ్చిన ఉత్పరివర్తన ఉంటుంది. మనిషి కణితుల్లో ఇంత ఎక్కువ వంశపారంపర్య భాగం ఉన్నది మరొకటి లేదు. అందుకే కుటుంబ చరిత్ర ఉన్నా లేకపోయినా ఈ రోగులందరికీ జన్యు పరీక్ష గురించి చెప్పాలన్నది నేటి పద్ధతి. పైగా ఎస్‌డీహెచ్‌బీ ఉన్న కణితులు ఇతర భాగాలకు పాకే ప్రమాదం మిగిలిన జన్యువులవాటికంటే ఎక్కువ కాబట్టి, ఆపరేషన్ బాగా జరిగినా మీ తమ్ముడు జీవితాంతం పర్యవేక్షణలో ఉండాలి. ఈ విషయంలో ఏ మాత్రం సడలింపూ ఇవ్వకండి.

అడ్రినల్ వల్కలపు క్యాన్సర్ మాత్రం నేను పైన చెప్పిన సూత్రానికి లొంగదు. ఏటా పది లక్షల మందిలో సుమారు ఒకరికి వచ్చే ఆ వ్యాధిలో ఒక ఆజ్ఞ ఇరుక్కుపోవడం కాకుండా అనేక కాపలాలు కలిసి కూలిపోతాయి. క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువు పోతుంది, కణ పెరుగుదలకు సంబంధించిన బీటా-కెటెనిన్ మార్గం అదుపు తప్పుతుంది, ఐజీఎఫ్2 అనే పెరుగుదల కారకం పది కణితుల్లో తొమ్మిదింటిలో విపరీతంగా పెరుగుతుంది. దక్షిణ బ్రెజిల్‌లో టీపీ53లో 337వ స్థానపు మార్పు తరతరాలుగా వ్యాపించి ఉండటం వల్ల అక్కడి పిల్లల్లో ఈ క్యాన్సర్ ఇతర ప్రాంతాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఐజీఎఫ్2 అంత ఎక్కువగా ఉంది కదా అని దాని గ్రాహకాన్ని అడ్డుకునే లిన్సిటినిబ్‌ను రోగులకు ఇచ్చి చూస్తే, 2015లో వెలువడిన ఫలితాల్లో ఆయుర్దాయం పెరగలేదు. సంకేతం ఎక్కువగా కనిపించినంత మాత్రాన కణితి దాని మీదే ఆధారపడి బతుకుతోందని అనుకోలేం.

హిఫ్-2 ఆల్ఫా విషయంలో ఆ ఆధారం నిజమేనని తేలింది. బెల్జుటిఫాన్ అనే మాత్ర హిఫ్-2 ఆల్ఫా తన జోడు ప్రోటీనుతో కలవకుండా అడ్డుకుంటుంది. ఆపరేషన్‌కు వీలులేని స్థితిలో ఉన్న లేదా పాకిన ఫియోక్రోమోసైటోమా, పారాగాంగ్లియోమా రోగులకు 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని అనుమతించింది. పరీక్షలో సుమారు నాలుగో వంతు మందిలో కణితి గణనీయంగా కుంచించుకుపోయింది. మీ తమ్ముడి కణితిని పూర్తిగా తీసేశారు కాబట్టి ఆయనకు ఇప్పుడు ఆ మందు అవసరం లేదు.

చివరగా మీ పరీక్ష సంగతి. ముందు నివేదికలో ఆ మార్పును వ్యాధికారకమని రాశారా, లేక ప్రాముఖ్యం తేలనిదని రాశారా చూడండి. రెండోదైతే కుటుంబ సభ్యులకు పరీక్ష చేయకూడదు, దాని ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వ్యాధికారకమైతే తమ్ముడి పిల్లల్లో ప్రతి ఒక్కరికీ, మీకూ అది వచ్చి ఉండే అవకాశం సగం సగం. అదే ఎంజైములోని మరో భాగానికి చెందిన ఎస్‌డీహెచ్‌డీ జన్యువైతే తండ్రి నుంచి వచ్చినప్పుడే దాదాపుగా వ్యాధి కలిగిస్తుంది గానీ, ఎస్‌డీహెచ్‌బీ తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా ఒకటే. మార్పు ఉన్నవారందరికీ కణితి రాదు. కణితి ఉన్నవారి బంధువులుగా గుర్తింపు పొందినవారిలో 50 ఏళ్లు వచ్చేసరికి సుమారు ఐదింట ఒక వంతు మందికే వస్తుంది. ఉన్నదని తేలితే పెద్దలకు ఏటా రక్తపోటు, మెటానెఫ్రిన్ల పరీక్ష, రెండు మూడేళ్లకు ఒకసారి ఎమ్మారై అవసరం. పిల్లలకు 6 నుంచి 10 ఏళ్ల మధ్య పర్యవేక్షణ మొదలుపెట్టాలని 2021 నాటి అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయం చెబుతోంది. ఈలోగా కుటుంబంలో ఎవరికైనా అడ్రినల్‌లో గడ్డ కనిపిస్తే, మెటానెఫ్రిన్లు చూడకుండా దానికి సూది గుచ్చి ముక్క తీయనివ్వకండి. అది ఫియోక్రోమోసైటోమా అయితే రక్తపోటు ప్రాణాంతకంగా పెరగవచ్చు.

మీ తల్లిదండ్రులిద్దరూ ఉన్నట్లయితే మొదట వారికి పరీక్ష చేయించడం మేలు. మార్పు నాన్నగారి వైపు నుంచి వచ్చిందని తేలితే, మేనత్తగారి పాత కణితికి దానితో సంబంధం లేకపోయినా, ఆవిడకూ ఆవిడ పిల్లలకూ ఈ పరీక్ష వర్తిస్తుంది. అమ్మగారి వైపు నుంచైతే మేనమామలకు, పిన్నమ్మలకు చెప్పాలి. తమ్ముడి నివేదిక నకలు అందరికీ ఇవ్వండి. అందులో రాసిన ఆ ఒక్క మార్పును మాత్రమే వెతికితే చాలు కాబట్టి బంధువులకు పరీక్ష తక్కువ ఖర్చుతో, త్వరగా అయిపోతుంది.